సామాను లారీ ఎక్కకముందే: ప్యాకర్స్ అండ్ మూవర్స్ లైసెన్సు, ఇన్సూరెన్సు చూసుకునే పద్ధతి

ఇల్లు మారేటప్పుడు ఫోన్లో అందరూ మొదట అడిగేది ఒకటే: "హైదరాబాద్ నుంచి బెంగళూరుకి డబుల్ బెడ్‌రూమ్ సామాను, ఎంత తీసుకుంటారండీ?" కొందరు ఇంకొక్కటి కూడా అడుగుతారు: "ఇన్సూరెన్స్ ఉందా?" అవతలి నుంచి "ఉందండీ, అంతా మేమే చూసుకుంటాం" అని వస్తుంది. ఆ మాటతో ఆ విషయం అక్కడితో వదిలేస్తారు.

ఆ "ఉందండీ"కి నాలుగు అర్థాలుంటాయి. లారీకి మోటారు ఇన్సూరెన్స్ ఉంది. లేదా, కంపెనీ తన సొంత పూచీ మీద ఏదో రిస్కు ఛార్జీ వసూలు చేస్తుంది. లేదా, కంపెనీకి ఇన్సూరెన్స్ సంస్థతో ఓపెన్ పాలసీ (ఏడాది పొడవునా పోయే లోడులకు కలిపి తీసుకునేది) ఉంది, కానీ మీ సామాను అందులో ఎక్కించలేదు. లేదా, మీ సామానుకు, మీ పేరుతో, మీ రూటు రాసి సర్టిఫికెట్ ఇస్తారు. ఫ్రిజ్ తలుపు ఊడి వచ్చిన రోజున అక్కరకొచ్చేది ఈ నాలుగోది ఒక్కటే.

లారీకున్న పాలసీ గురించి ముందే తేల్చేద్దాం. మోటారు పాలసీ లారీకి జరిగే నష్టానికి, లారీ వల్ల రోడ్డు మీద వాళ్లకు జరిగే నష్టానికి. లోపలున్న మీ బీరువాకు దాంతో సంబంధం లేదు.

లైసెన్సు ఎవర్ని పట్టుకోవాలో చెబుతుంది, ఇన్సూరెన్సు డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తుందో చెబుతుంది. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేయడానికి లేదు. సామాను మధ్యదారిలో ఆపేసి "ఇంకో 15 వేలు వేస్తేనే లారీ కదుల్తుంది" అనేవాడి మీద ఇన్సూరెన్స్ పాలసీ పనిచేయదు. అతను ఎవరో, ఆఫీసు ఎక్కడో తెలియాలి. లారీ బోల్తా పడితే ఎంత నిజాయితీ గల కంపెనీ అయినా మీ నాలుగున్నర లక్షల సామానుకు డబ్బు జేబులోంచి తీసివ్వదు. అక్కడ పాలసీ కావాలి.

లైసెన్సు అంటే ఏది

కిరాయికి సరుకు మోసే వ్యాపారానికి వర్తించేది 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం. 2011లో నిబంధనలతో సహా అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం రవాణా శాఖ దగ్గర కామన్ క్యారియర్‌గా, అంటే అందరి సరుకూ కిరాయికి మోసే సంస్థగా రిజిస్టర్ చేయించుకోనిదే ఈ వ్యాపారం చేయకూడదు. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. సొంత లారీలు ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుందని కొందరు తప్పించుకోజూస్తారు. చట్టంలోని నిర్వచనంలో బుకింగ్ కంపెనీ, ఏజెంటు, బ్రోకరు కూడా ఉన్నారు.

"మీ కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కాపీ వాట్సాప్‌లో పంపండి" అని అడగండి. పంపితే మూడు చూడండి: పేరు కొటేషన్ మీది పేరేనా, గడువు ఉందా, చిరునామా మీకు చెప్పిన ఆఫీసుదేనా.

చాలామంది దాని బదులు వేరేవి పంపుతారు. ఉద్యమ్ సర్టిఫికెట్ వస్తుంది. అది చిన్న పరిశ్రమగా తన వివరాలు తానే ఆన్‌లైన్‌లో నింపి ఉచితంగా తీసుకునేది, మోసే వ్యాపారానికి అనుమతి కాదు. ఐఎస్ఓ ముద్ర వస్తుంది. అదీ కాదు. "ఐబీఏ అప్రూవ్డ్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ రవాణా సంస్థలకు ఇచ్చే సిఫారసు అది. దాని జాబితాలో ఈ కంపెనీ పేరు ఈ ఏడాది ఉందో లేదో చూడకుండా విజిటింగ్ కార్డు మీది అచ్చును నమ్మొద్దు. ఆఫీసు నుంచి ట్రాన్స్‌ఫర్ బిల్లు రాబట్టుకోవాల్సినవాళ్లు, మీ ఆఫీసు ఎలాంటి బిల్లు ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి. సామాను చేరాక బిల్లు మార్చమని బతిమాలడం కుదరని పని.

జీఎస్టీ నంబరు కూడా లైసెన్సు కాదు. కానీ ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో అవతలివాడి జాతకం చూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు. నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. "మాది సికింద్రాబాద్ హెడ్డాఫీసు" అంటూ 07తో మొదలయ్యే నంబరు ఇస్తే అది ఢిల్లీ రిజిస్ట్రేషన్. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండేది పాన్. ఆ లెక్కన నంబరులో ఆరో అక్షరం యజమాని ఎవరో చెబుతుంది: 'పి' అంటే ఒక వ్యక్తి, 'ఎఫ్' అంటే భాగస్వామ్య సంస్థ, 'సి' అంటే కంపెనీ. బోర్డు మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉండి ఆరో అక్షరం 'పి' అయితే ఆ బోర్డు అబద్ధం.

జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అక్కర్లేకుండా 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్'లో ఆ నంబరు కొట్టండి. అసలు పేరు, వ్యాపారం పేరు, రిజిస్టరైన తేదీ, యాక్టివ్‌గా ఉందా రద్దయిందా, రిటర్నులు వేస్తున్నారా అన్నీ వస్తాయి. "20 ఏళ్ల అనుభవం" అన్నవాడి నంబరు నాలుగు నెలల కిందటిదైతే కారణం అడగండి. పేరున్న కంపెనీలను పోలిన పేర్లు పెట్టుకునేవాళ్లు ఈ రంగంలో లెక్కలేనంతమంది. ఒక్క అక్షరం తేడాతో, అదే రంగు లోగోతో దిగుతారు. అందుకే అసలు పేరును, అడ్వాన్సు వేయమన్న బ్యాంకు ఖాతా పేరును పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ పేరుతో కొటేషన్ ఇచ్చి, ఎవరో వ్యక్తి ఫోన్‌పే నంబరుకు డబ్బు వేయమంటే అక్కడే ఆగిపోండి.

కొటేషన్‌లో చూడాల్సింది కిరాయి ఎంతన్నదే కాదు

కొటేషన్ మొత్తాన్ని విడగొట్టి రాయించుకోవాలి: ప్యాకింగ్, లోడింగ్, లారీ కిరాయి, అన్‌లోడింగ్, ఇన్సూరెన్స్, జీఎస్టీ. ఇది బేరం కోసమే కాదు. నష్టపరిహారానికి పరిమితి తేలేది లారీ కిరాయి మీదే.

2011 నిబంధనల ప్రకారం సామాను పోయినా, పాడైనా క్యారియర్ బాధ్యత కిరాయికి 10 రెట్లకు మించదు. సామాను అప్పగించేటప్పుడు మీరు ఫారంలో రాసిన విలువనూ మించదు. ఎక్కువ పూచీ కావాలంటే విలువ ప్రకటించి, ఎక్కువ రిస్కు రేటు కడతానని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మొత్తం 32,000కు మాట్లాడుకున్నారనుకుందాం. ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద కిరాయి 18,000 అని రాస్తే పరిమితి 1,80,000. అదే 32,000ను చిల్లరగా విడగొట్టి కిరాయి 6,000, మిగతాదంతా ప్యాకింగ్, కూలీలు అని రాస్తే 60,000తో సరి. ఇంట్లో సామాను విలువ నాలుగున్నర లక్షలు. తేడా ఒక్క గడిలో ఉంది. ఆలస్యానికైతే పరిమితి ఇంకా తక్కువ, కిరాయి మొత్తమే.

ఈ ఎల్‌ఆర్‌నే బిల్టీ అని కూడా అంటారు. చట్టంలో దాని పేరు గూడ్స్ రిసీట్. సామాను అప్పగించినప్పుడు అది మీ చేతికి రావాలి. మీ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పెట్టెల సంఖ్య, ప్రకటించిన విలువ, కిరాయి, లారీ నంబరు అందులో ఉండాలి. "ఎల్‌ఆర్ రేపు మెయిల్ చేస్తాం" అంటే లారీ తలుపు వేయనివ్వకండి. లారీ గేటు దాటాక మీ మాట చెల్లదు.

ఎల్‌ఆర్ మూలన "ఓనర్స్ రిస్క్" అని ముద్ర ఉంటే అందరూ కంగారు పడతారు. వాళ్ల నిర్లక్ష్యానికి వాళ్లు బాధ్యులు కాకుండా పోవడానికి ఆ ముద్ర ఒక్కటే చాలదు. పైగా, కేసు దాకా వెళ్తే వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించక్కర్లేదని చట్టమే చెబుతోంది. అయినా ఆ ముద్ర ఒక సంకేతం: మీ దగ్గర ఇన్సూరెన్స్ పేరుతో డబ్బు తీసుకుని, కాగితం మీద మాత్రం రిస్కంతా మీదే అని రాసుకున్నారు. ఇన్సూరెన్స్ డబ్బు ఎటు పోయిందో అక్కడే నిలదీయండి.

ఇన్సూరెన్సు: ఏ కవరు, ఎవరి పేరు, ఎప్పటి నుంచి

"ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ 3 శాతం" అని బిల్లులో ఒక వరస కనిపిస్తుంది. ప్రకటించిన విలువలో ఒకటిన్నర నుంచి 3 శాతం దాకా అడుగుతుంటారు. 4,50,000 మీద 3 శాతమంటే 13,500, దాని మీద పన్ను. అంత కట్టి మీకొచ్చేదేమిటో అడగాలి కదా.

బీమా వ్యాపారం చేసే హక్కు బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్టరైన బీమా సంస్థలకే ఉంది. మూవర్ కంపెనీ బీమా ఇవ్వలేదు, ఇప్పించగలదు. ఎక్కువగా దాని దగ్గర ఏడాదికి తీసుకున్న ఓపెన్ పాలసీ ఉంటుంది. ప్రతి లోడునూ అందులో డిక్లేర్ చేస్తే ఆ లోడుకు సర్టిఫికెట్ పుడుతుంది. డిక్లేర్ చేయకపోతే పాలసీ ఉన్నా మీకు లేనట్టే. బిల్లులో 'ఎఫ్‌ఓవీ' అనో, 'రిస్క్ కవరేజ్' అనో ఉంటే అది బీమా కాదు, కంపెనీ తన పూచీ మీద తీసుకునే రుసుము. నష్టం వస్తే ఎంతివ్వాలో వాళ్లే తేలుస్తారు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇవి చూడండి. బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు. మీ పేరు. ఎక్కడి నుంచి ఎక్కడికి. విలువ. తేదీ. లారీ బయల్దేరక ముందే జారీ అయి ఉండాలి, మర్నాడు కాదు. ఆ తర్వాత బీమా సంస్థ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి పాలసీ నంబరు చెప్పి అడగండి. ఆ టోల్‌ఫ్రీ నంబరు సర్టిఫికెట్ మీది కాదు, బీమా సంస్థ వెబ్‌సైట్ నుంచి తీసుకున్నది కావాలి. దొంగ సర్టిఫికెట్ మీద దొంగ ఫోన్ నంబరే ఉంటుంది.

అసలు కీలకం కవరు రకం. దేశంలోపల రోడ్డు, రైలు రవాణాకు ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజులు మూడున్నాయి: ఏ, బి, సి. 'సి'లో అగ్నిప్రమాదం, పిడుగు మాత్రమే. 'బి'లో వాటితోపాటు వంతెన కూలడం, వాహనం గుద్దుకోవడం, బోల్తా పడటం లాంటివి. 'ఏ' అంటే మినహాయింపుల్లో లేని ప్రతి నష్టం. ఇంటి సామానుకు మామూలుగా జరిగేవి ఏమిటి? టీవీ తెర పగలడం, అల్మరా అద్దం విరగడం, పెట్టె ఒకటి మాయమవడం. లారీకి ఏమీ కాకుండానే ఇవి జరుగుతాయి. కాబట్టి 'బి' కవరు తీసుకున్నవాళ్లకు ఇందులో ఒక్క రూపాయీ రాదు. కొటేషన్ మీద 'ఆల్ రిస్క్' అని ఉండి సర్టిఫికెట్ మీద 'బేసిక్' అనో 'బి' అనో ఉండటం ఈ వ్యాపారంలో పాత అలవాటు. ఆ ఒక్క అక్షరం చూశాకే 3 శాతం కట్టండి.

'ఏ' కవరులోనూ రానివి ఉన్నాయి. ప్యాకింగ్ సరిగా లేక జరిగిన నష్టం, ఆలస్యం వల్ల జరిగిన నష్టం, వస్తువు స్వభావం వల్లే పాడైనది. అల్లర్లు, సమ్మెల వల్ల జరిగే నష్టానికి విడిగా జత చేయించుకోవాలి. ఇంటి సామాను పాలసీల్లో గీతలు, సొట్టలు, బయటికి దెబ్బ కనిపించకుండా లోపల ఆగిపోయిన మోటారు, నగలు, నగదు, దస్తావేజులు తరచుగా మినహాయిస్తారు. మీరే సర్దిన పెట్టెలను కూడా కొందరు ఒప్పుకోరు. అమ్మమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ బట్టల పెట్టెలో కారితే ఏ బీమా సంస్థా వినదు. అది మీతోపాటు బస్సులోనో కారులోనో రావాల్సిందే. నగలు, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ కూడా అంతే. గ్యాస్ సిలిండరు లారీ ఎక్కకూడదు. ఏజెన్సీలో అప్పగించి టెర్మినేషన్ వోచర్ తీసుకోండి, కొత్త ఊళ్లో దాంతోనే కనెక్షన్ వస్తుంది.

విలువ తగ్గించి రాస్తే

ప్రీమియం మిగుల్తుందని నాలుగున్నర లక్షల సామానుకు 2,25,000 రాయిస్తారు. 40,000 నష్టం వస్తే "రెండు లక్షల దాకా కవరుందిగా, 40 వేలు మొత్తం వస్తుంది" అనుకుంటారు. రాదు. సగం విలువకే బీమా చేశారు కాబట్టి మిగతా సగానికి మీరే బీమాదారు అన్నట్టు లెక్క. చేతికి 20,000 వస్తుంది, అందులోనూ పాలసీలో ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) ఉంటే అది పోతుంది. ఎక్కువ రాసినా లాభం లేదు, వాడిన వస్తువు ఈనాటి విలువే ఇస్తారు.

కాబట్టి లిస్టు రాసేటప్పుడు "ఇంటి సామాను, 1 లాట్, 4.5 లక్షలు" అని ఒక్క ముక్కలో రాయనివ్వకండి. వస్తువుకొక వరస: ఫ్రిజ్, కంపెనీ, కొన్న ఏడాది, విలువ. టీవీ, వాషింగ్ మెషిన్, వెట్ గ్రైండర్, బీరువా, మంచం, ఇత్తడి సామాను పెట్టె. 5,000 దాటే ప్రతిదీ విడిగా, చిన్నవి పెట్టె నంబరు మీద. టీవీ ఆన్ చేసి తెర మీద బొమ్మ కనిపించేలా ఫోటో తీయండి. లేకపోతే "ముందే పోయి ఉంది" అంటారు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కు డ్రమ్మును బిగించే ట్రాన్సిట్ బోల్టులు వేయాలి. కొన్నప్పుడు తీసి ఎక్కడో దాచి ఉంటారు, వెతకండి. అవి లేకుండా 570 కిలోమీటర్లు ఊగిన మెషిన్ పాడైతే ప్యాకింగ్ లోపం కింద కొట్టేస్తారు.

బైకుకు మాత్రం కొత్తగా కట్టే ముందు ఆగండి. దాని సమగ్ర పాలసీలో, అంటే సొంత నష్టం కవరులో, రోడ్డు మీదో రైల్లోనో తరలించేటప్పుడు జరిగే నష్టం ఇప్పటికే ఉంటుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే లేదు. దాని మీద క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందన్న లెక్క కూడా వేసుకోండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల జిరాక్స్‌లు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇవ్వకండి.

లోడింగ్ రోజు

లారీ రాగానే నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్ గడువులు కనిపిస్తాయి. రాష్ట్రం దాటాలంటే అందుకు తగ్గ పర్మిట్ ఉండాలి. పసుపు ప్లేటు కాకుండా తెల్ల ప్లేటు బండి వస్తే అది కిరాయికి తిరగాల్సిన బండే కాదు. ఎల్‌ఆర్ మీది నంబరు, బండి నంబరు ఒకటే కావాలి. మీ సామాను మరొకరి సామానుతో కలిపి పోతుంటే దారిలో గోడౌన్‌లో బండి మారుతుంది. అది ముందే చెప్పి ఎల్‌ఆర్‌లోనూ, ఇన్సూరెన్స్‌వాళ్లకూ తెలిసేలా రాయించండి. పెట్టెలు మాయమయ్యేది ఎక్కువగా ఈ మార్పిడిలోనే.

"చెక్‌పోస్టులో జీఎస్టీ కట్టాలి, ఈ-వే బిల్లుకు 8 వేలు పంపండి" అని అర్ధరాత్రి డ్రైవర్ ఫోన్ చేస్తే పంపకండి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను 2017లో జీఎస్టీ వచ్చాక ఎత్తేశారు. పెట్టె విప్పని కొత్త టీవీ లాంటిది ఉంటే దాని బిల్లు మాత్రం దగ్గరుంచుకోండి.

ఇంకో సంగతి. పాలు పొంగించే ముహూర్తం ఫలానా రోజు, ఆ రోజుకల్లా సామాను దిగాలని మూవర్‌కు చెప్పేస్తాం. ఆషాఢం పోయి శ్రావణం రాగానే అందరూ ఒకేసారి కదుల్తారు, రేట్లు ఎలాగూ ఎక్కుతాయి. దాని మీద మీ ముహూర్తం సంగతి తెలిస్తే దారిలో బేరం పెట్టేవాడికి మీరే తాళం ఇచ్చినట్టు. పాలగిన్నె, స్టవ్వు, దేవుడి పటం మీ కారులో తీసుకెళ్లండి. లారీ రెండు రోజులు ఆలస్యమైనా ముహూర్తం ఆగదు.

సామాను దిగాక

హమాలీలు అలసిపోయి, డ్రైవర్ తొందరపడుతూ "సంతకం పెట్టండి సార్" అని కాగితం చాస్తాడు. అందులో 'సామాను మంచి స్థితిలో ముట్టింది' అని అచ్చయి ఉంటుంది. పెట్టెలు లెక్కపెట్టి, ఫ్రిజ్, టీవీ, అద్దాలు విప్పి చూడకుండా సంతకం వద్దు. విప్పే టైమ్ లేకపోతే "పెట్టెలు 42కు 41 ముట్టాయి, లోపల చూడలేదు, ఫ్రిజ్ తలుపు సొట్ట" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. డెలివరీ కాపీ మీద ఈ రాత లేకపోతే తర్వాత క్లెయిమ్‌కు బలం పోతుంది.

పగిలినది ఏదైనా కనిపిస్తే ఊడ్చి పారేయకండి, రిపేరుకు ఇవ్వకండి. బీమా సంస్థ పంపే సర్వేయర్ చూసేదాకా ప్యాకింగుతో సహా అలాగే ఉంచాలి. అదే రోజు బీమా సంస్థకు ఫోన్, మెయిల్. మూవర్‌కు వేరుగా మెయిల్, స్పీడ్ పోస్టు. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు. క్యారియర్ మీద మీరు క్లెయిమ్ పెట్టకపోతే, రేపు బీమా సంస్థ వాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కు దెబ్బతింటుంది, ఆ సాకుతో మీ క్లెయిమ్‌కు కోత పడుతుంది. చట్ట ప్రకారం క్యారియర్‌కు రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు వెళ్లాలి. సామాను ముట్టిన తేదీ నుంచి కాదు. క్లెయిమ్ ఫైల్‌లో సర్టిఫికెట్, ఎల్‌ఆర్, వస్తువుల లిస్టు, ఫోటోలు, మూవర్ ఇచ్చిన డ్యామేజీ సర్టిఫికెట్, నోటీసు కాపీ, రిపేరు అంచనా ఉండాలి.

లారీని ఆపేసి డబ్బు గుంజుతుంటే అది సేవాలోపం ఒక్కటే కాదు, నేరం కూడా. అప్పగించిన సరుకును క్యారియర్ కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(3) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. సామాను ఎక్కించిన ఊళ్లోని పోలీస్ స్టేషన్‌కు ఎల్‌ఆర్, చెల్లింపు రసీదులు, ఫోన్ రికార్డులతో వెళ్లండి. అడ్వాన్సు వేయించుకుని బండే పంపనివాడి మీద వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నష్టం ఇవ్వకుండా తిప్పుతుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్లోనే వేయొచ్చు, అంటే బెంగళూరు చేరినవాళ్లు హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బీమా సంస్థే కొర్రీలు వేస్తే ముందు దానికి రాతపూర్వక ఫిర్యాదు, ఆ తర్వాత బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్. క్లెయిమ్ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు.